పసుపు గుడ్డ, మూడు తట్టలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. అది అబద్ధమని నేను ఎప్పుడూ అనలేదు. బాన్సువాడ నుంచి స్కూటీ మీద రోజూ వెళ్లి వచ్చే ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను పదో తరగతికి రసాయన శాస్త్రం చెబుతాను. ఎరువులు, ఉపయోగపడే పదార్థాలు అనే పాఠం దగ్గరికి వచ్చేసరికి ఏటా ఎవరో ఒకరు నాకు సలహా ఇస్తారు. దీని నుంచి మార్కులు పెద్దగా రావు మేడం, చదువుకొమ్మని చెప్పి వదిలేయండి అంటారు. అప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకు మండదు? సిమెంటు, సున్నం, గాజు, సబ్బు, యూరియా, భాస్వరం. మా పిల్లలు పొద్దున లేచింది మొదలు ముట్టుకునేవన్నీ ఉన్న పాఠం అది. వానకాలం వస్తే బాన్సువాడ ఎరువుల దుకాణాల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి నీడకు కూర్చుంటారు. ఆ సంచుల కోసం తల్లిదండ్రులు పొద్దంతా కాచుకుంటే, ఆ సంచిలో ఏముందో చెప్పే పాఠాన్ని పిల్లలు వదిలేయాలట. నేను కూలి ఇంటి పిల్లను. మా అమ్మ ఒంగి నాట్లు వేసి, ఆదివారం ఒక్క పూట చర్చిలో మాత్రమే కూర్చుని నన్ను చదివించింది. ఆమె చల్లిన ఎరువు మందులో ఏముందో బీఎస్సీకి వచ్చేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పాఠం నేను వదలను. పుస్తకంలో ఎక్కడున్నా సరే, కాలువకు నీళ్లు వదిలి ఊళ్లో నాట్లు మొదలయ్యే రోజుల్లోనే చెబుతాను.

రెండేళ్ల కింద కూడా అలాగే మొదలుపెట్టాను. ఖాళీ జాం సీసాల్లో ఆ పదార్థాలన్నీ కొంచెం కొంచెం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇసుకే కరిగి గాజు అవుతుందంటే పిల్లలు నమ్మలేదు. నమ్మకపోతే నాకు సంతోషం, ప్రశ్నలు వస్తాయి. తరువాత ఎరువుల దగ్గరికి వచ్చాను. అమ్మోనియం సల్ఫేటులో తడి సున్నం కలిపి, పరీక్ష నాళికలో కొంచెం వేడి చేసి చూపించాను. మా బడిలో లిట్మస్ కాగితం అయిపోయి చాలా రోజులైంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితాన్ని తడిపి నాళిక మూతి దగ్గర పట్టుకున్నాను. కాగితం ఎర్రబడింది. ఘాటు గుప్పుమని ముందు బెంచీల మీదికి పోయింది, అందరూ ముక్కులు మూసుకున్నారు.

ఒక పిల్ల మాత్రం మూసుకోలేదు. తండా నుంచి వచ్చే పిల్ల. ఇంట్లో వాళ్ల భాష, బడిలో తెలుగు. తెలివైనదే కాని అడిగితే తప్ప నోరు విప్పదు. ఆ రోజు అడగకుండానే లేచి నిలబడి, ఈ వాసన మా ఇంట్లో కూడా వస్తుంది మేడం అంది. ఎలా వస్తుందని అడిగితే నెమ్మదిగా చెప్పింది.

వాళ్ల అమ్మ నాట్ల గుంపుకు పెద్ద. చుట్టుపక్కల ఎవరి పొలంలో నాటు పడినా నాటుకు ముందు చల్లే ఎరువు, అంటే అడుగుమందు, కలపడానికి ఆమెనే పిలుస్తారు. మా వైపు రైతులు మందును సంచి మీది అంకెలతో పిలుస్తారు. నత్రజని, భాస్వరం రెండూ ఉన్న దాని పేరు ఇరవై ఇరవై. వానకాలంలో సంచి విప్పగానే అది చెమ్మ పట్టి చేతికి అంటుకుంటుంది. అంటుకోకుండా ఈమె అందులో పొయ్యి బూడిద, కొంచెం సున్నప్పొడి కలిపి, పైన తడి గోనె కప్పి రాత్రంతా ఉంచుతుంది. తెల్లారి గోనె తీయగానే ఘాటు కొడుతుంది. గుంపులో ఆడవాళ్లంతా వంగి వాసన చూస్తారు. కళ్లలో నీళ్లు వస్తే మందు పట్టింది అని చల్లడానికి బయలుదేరతారు. రాకపోతే ఇంకొంచెం సున్నం వేస్తారు.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గాలిలో ఉన్న నత్రజనిని ఫ్యాక్టరీలో పట్టి, మండిపోయే వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేస్తారు. ఆ అమ్మోనియాను మందుగా మార్చి, సంచుల్లో నింపి, లారీల్లో బాన్సువాడ దాకా పంపుతారు. మనవాళ్లు దానికి సున్నం చూపించి ఒక్క రాత్రిలో మళ్లీ గాలికి వదిలేస్తున్నారు. పైగా వాసన చూసి సంబరపడుతున్నారు. ఇదే మాట క్లాసులో చెప్పాను. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

బడి వదిలాక నా దగ్గరికి వచ్చింది. ఈ ఏడు వాళ్ల వాళ్లు మొదటిసారి కాలువ కింద పొలం కౌలుకు పట్టారట. ఇంతకాలం దీపావళి దాటగానే తండా నుంచి లారీ ఎక్కి మహారాష్ట్ర వైపు చెరుకు కోతకు పోయేవాళ్లు, పిల్లలను కూడా తీసుకుపోయేవాళ్లు. ఈ పంట చేతికి వస్తే ఇంటిల్లిపాదీ ఇక్కడే ఉంటారు. రాకపోతే లారీ ఎక్కాలి. ఎక్కితే ఆ పిల్లకు పదో తరగతి పరీక్ష లేదు. ఇంకో వారంలో వాళ్ల పొలంలో నాటు. అమ్మ అడుగుమందు కలిపేది ఎప్పటి లాగే.

ఇంటికి పోయి చెప్పమన్నాను. చెప్పింది. మరునాడు ముఖం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ల అమ్మ చెవిన వేసుకోలేదట. మీ మేడం ఎప్పుడైనా మందు చల్లిందా అని అడిగిందట. నాకు చురుక్కుమంది. నేను చల్లలేదు, నిజమే, కాని నా తల్లి చల్లింది.

"మీరొచ్చి చెప్పుండ్రి మేడం. మా యాడి నా మాట ఇంటలేదు" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

స్కూటీ తాళం చేతిలోనే ఉంది. వెళ్లి ఆ తల్లికి నాలుగు మాటలు గట్టిగా చెప్పి రావాలని నా నోరు దురద పెట్టింది కూడా. కాని నేను వెళ్తే అది పంతులమ్మ మాట అవుతుంది. నా ముందు తల ఊపుతారు, నేను తిరిగి రాగానే సున్నం డబ్బా తీస్తారు.

"నేను చెప్తే నా మాటైతది. నువ్వు చెప్పకు, చూపెట్టు" అన్నాను. పసుపు కాగితాలు కొన్ని చేతిలో పెట్టాను.

ఆ పిల్ల తీసుకుపోయింది. అప్పటికి అమ్మ ఇంకొకరి పొలానికి కలిపిన మందు ఉంటే, దాని దగ్గర పసుపు కాగితం పెట్టి ఎర్రబడటం చూపించింది. తల్లి చూసి పెదవి విరిచింది. ఆమె అడిగిన మాటను ఆ పిల్ల మరునాడు క్లాసులో ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

"పసుపుకు సున్నం తగిల్తె ఎర్రగ కాదా? గిది తెల్వనోళ్లెవలు? దాంతోటి మందు పోయిందని ఎట్లంటవ్?"

ఆ పిల్ల తను ఓడిపోయినట్టు చెప్పింది. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం వేసి ఎర్రనీళ్లు చేయని ఇల్లు మా దగ్గర లేదు. ఆ తల్లి తనకు తెలిసిన దాంతోనే నా ప్రయోగానికి సరిగ్గా అడ్డం వేసింది. కాగితం సున్నానికి ఎర్రబడిందా, ఘాటుకు ఎర్రబడిందా? ఈ ప్రశ్న ఇన్నేళ్లలో నా క్లాసులో ఒక్కరూ అడగలేదు. ట్రైనింగులకు వచ్చిన పెద్దవాళ్లు కూడా అడగలేదు. మీ యాడి అడిగింది ముమ్మాటికీ న్యాయమైన ప్రశ్న అని అందరి ముందూ చెప్పాను. దీనికి జవాబు చూపించే ఉపాయం మీరే చెప్పాలి, నేను చెప్పను అన్నాను.

జవాబు నాకు తెలుసు. నోరు మూసుకుని ఉండటం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. ఒకడు సున్నం తగ్గించి కలపాలన్నాడు. ఒకడు పసుపు వద్దు మందారం పువ్వు పెడదామన్నాడు. ఇంకొకతె డిక్షనరీ మింగినట్టు గైడులో ఉన్న సమీకరణం మొత్తం చదివింది.  సాయంత్రం ఆ పిల్ల ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగి నా దగ్గరికి పరుగెత్తి వచ్చింది.

"మూడు తట్టలు పెడత మేడం. ఒక దాంట్ల బూడిద, సున్నం, అంతే. మందుండది. ఇంకో దాంట్ల ఒట్టి మందు. మూడోదాంట్ల మా యాడి కలిపినట్టు అన్ని. గుడ్డ పైన కడత, దేనికి తగలనియ్య. ఒట్టి సున్నం తట్ట మీది గుడ్డ ఎర్రగైతే మా యాడిదే రైటు."

ఆమె చివర అన్న మాటకు నా ఛాతీ ఉబ్బింది. తన మాటే నెగ్గాలని ఆ పిల్ల చూడటం లేదు. నెగ్గకపోతే ఎలా తెలుస్తుందో ముందే చెప్పింది. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో కూడా ఇలాగే చేస్తారు. ఆ సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. దానికి ఇంగ్లీషులో కంట్రోల్ అనే పేరుంది, ఆ పేరు కూడా చెప్పలేదు. బాన్సువాడ దాకా స్కూటీ మీద నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను.

నాటు వేసే రోజు పొద్దున్నే బడికి పోయే ముందు వాళ్ల పొలానికి వెళ్లాను. మాట్లాడనని నాకు నేనే ఒట్టు పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. కరిగెట చేసి బురదగా దున్నిన మడులు నిండా కాలువ నీళ్లతో మెరుస్తున్నాయి. నారు కట్టలు గట్టు వెంబడి పడి ఉన్నాయి. గుంపులో ఆడవాళ్లంతా కొంగులు దోపుకుని నిలబడ్డారు. వాళ్లకు పక్కన మూడు ఇనుప తట్టలు, వాటి మీద తడి గోనెలు. ఆ పిల్ల ప్రతి తట్టలో అడ్డంగా ఒక పుల్ల పెట్టి, ఆ పుల్లకు తడి పసుపు గుడ్డ ముక్క వేలాడదీసిందట. కాగితం అయితే దగ్గరివాళ్లకే కనిపిస్తుంది, గుడ్డ అయితే అందరికీ కనిపిస్తుంది అని ఆమె లెక్క. అది కూడా నాకు తట్టలేదు. నాలుగో కుప్ప పెద్దది, దూరంగా ఉంది. అది తల్లి ముందు రోజు సాయంత్రం ఎప్పటిలాగే బూడిద, సున్నం కలిపి పెట్టిన అసలు మందు. కూతురి మాట నమ్మి ఆపలేదన్న మాట.

గోనెలు తల్లే తీయాలని ఆ పిల్ల పట్టుబట్టింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, వంగి ఒట్టి సున్నం, బూడిద ఉన్న తట్ట మీది గోనె తీసింది. గుడ్డ పసుపుగానే ఉంది. ఆమె పుల్ల ఎత్తి గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. ఒట్టి మందు ఉన్న తట్ట తీసింది, అదీ పసుపే. మూడో గోనె తీయగానే ఘాటు మా గట్టు దాకా కొట్టింది. ముందు నిలబడ్డవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. గుడ్డ ఎర్రగా ఉంది.

తల్లి ఆ గుడ్డ పట్టుకుని గట్టు మీద కూలబడింది. కూతురిని వాళ్ల భాషలో ఏదో అడిగింది. కూతురు చెప్పింది. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాటల మధ్య అమ్మోనియా, నత్రజని అన్నవి రెండు మాత్రం తెలిశాయి. నా పాఠం నాకు తెలియని భాషలో, నా కళ్ల ముందే, ఒక బిడ్డ నోటి నుంచి తల్లి చెవికి పోతోంది. ఇన్నేళ్ల నౌకరీలో నాకు అంత గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు.

తరువాత ఆమె లేచి అందరికీ వినబడేలా తెలుగులో చెప్పింది.

"ఇన్నేండ్లు కండ్లల్ల నీళ్లొస్తే సంబరపడ్డం. చేనుకు పోవాల్సింది గాలికి పోయింది."

ఒకామె గొణిగింది. ఇన్నాళ్లు పంటలు పండలేదా అని అడిగింది. తల్లి ఆమెతో వాదించలేదు. కలిపిన పెద్ద కుప్పను కాలువ మూల మడికి మాత్రమే చల్లాలని, మిగతా మడులన్నింటికీ బూడిద, సున్నం లేకుండా పొడిమట్టి కలిపి వెంటనే చల్లాలని చెప్పింది. నెల తిరిగితే పొలమే చెబుతుంది, చూద్దాం అంది. కూతురి ఉపాయాన్ని తట్టల నుంచి మడులకు మార్చేసింది. ఆ తల్లికి ఆ బిడ్డ పుట్టడంలో వింత ఏముంది అనుకున్నాను. నేను ఒట్టు ప్రకారం ఒక్క మాట మాట్లాడకుండా స్కూటీ ఎక్కాను, బడికి ఆలస్యంగా పోయి హెడ్ మాస్టరు గారితో మాట పడ్డాను.

ఆ తరువాత నాకు ఆ పొలం ఉన్న పెద్ద కొడప్‌గల్ వైపు పోవాల్సిన పని లేకున్నా ఆ దారినే తిరిగాను. పైరు పిలకలు వేసే రోజులకు తేడా రోడ్డు మీదికే కనిపించింది. మడులన్నీ ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి, కాలువ మూల మడి ఒక్కటి పాలిపోయి ఉంది. ఆ గొణిగిన ఆమెను, గుంపులో మిగతావాళ్లను తల్లి ఆ గట్టు మీద నడిపించిందట. ఏమీ చెప్పలేదట, ఊరికే నడిపించిందట. తరువాత ఆ మూల మడికి పైపాటుగా యూరియా ఇంకొంచెం వేసి కోలుకునేలా చేసింది. ఈ సంగతులన్నీ ఆ పిల్ల నాకు రోజూ ప్రార్థన గంటకు ముందే వచ్చి చెప్పేది. నోరు విప్పని పిల్ల నోటికి తాళం వేయడం ఎలాగో నాకు తెలియకుండా పోయింది.

దసరా దాటాక కోత అయింది. కౌలు గింజలు కొలిచి ఇచ్చాక కూడా ఇంట్లో వడ్ల బస్తాలు మిగిలాయి. లారీ ఎక్కం మేడం అని ఆ పిల్ల చెప్పిన రోజు నేను స్టాఫ్ రూములో అందరికీ టీలు చెప్పాను. పాఠం వదిలేయమన్న సారుకు కూడా చెప్పాను. ఎందుకని అడిగితే, మార్కులు రాని పాఠానికి అన్నాను. 

దీపావళి తరువాత ఒక పొద్దున తండాకు లారీ వస్తుంది. ఆ రోజంటే నాకు పడదు. ఏటా ఆ రోజు హాజరు పిలుస్తూ తండా పిల్లల పేర్లు రాగానే నా గొంతు తగ్గుతుంది. పలికేవాళ్లు ఉండరని తెలిసి కూడా పిలవాలి. ఆ ఏడు అదే క్లాసులో తండా పిల్లలు ఇంకా ఇద్దరు ఉన్నారు. వాళ్ల ఇళ్లకు నేను ముందే వెళ్లాను. పరీక్షలయ్యే వరకు పిల్లలను ఇక్కడే ఉంచమని అడిగాను, కోప్పడ్డాను, బతిమాలాను. ఎవరింట్లో ఉంచాలి, ఎవరు వండిపెట్టాలి అని వాళ్ల తల్లులు అడిగారు. మా బాన్సువాడ కిరాయి ఇంటికి పంపమన్నాను. తెలియని చోట ఆడపిల్లలను వదలం అన్నారు. 

లారీ వచ్చిన రోజు బడి గంట కొట్టారు. ఆ ఇద్దరూ రాలేదు. వాళ్ల పక్కన ఆ పిల్ల చోటు కూడా ఖాళీగా ఉంది.  చివరి నిమిషంలో వీళ్లు కూడా ఎక్కారా, ఎవరికైనా పాణం బాగాలేదా, ఏమైంది? సగం పేర్లు పిలిచి ఆపేశాను. క్లాసు వదిలి తండాకు పోదామని చాక్‌పీసు బల్ల మీద పడేశాను.

అప్పుడే గుమ్మంలో ఆ పిల్ల తల్లి కనిపించింది. వెంట ముగ్గురు ఆడపిల్లలు. ఇద్దరి చేతుల్లో బట్టల మూటలు ఇంకా అలాగే ఉన్నాయి, ఏడ్చి ఏడ్చి ముఖాలు ఉబ్బి ఉన్నాయి.

"బండి పోయింది టీచరమ్మా. ఈ ఇద్దరిని నేనే దింపిన, వాళ్ల అమ్మలతోని కొట్లాడి దింపిన. ఇంట్ల వడ్లున్నయి. వాళ్లు మల్ల వచ్చేదాంక నా పొయ్యి మీదనే తింటరు."

నేను గుమ్మం దాకా పోయి, అడ్డంగా నిలబడి వాళ్లనే చూస్తున్నాను.  ఆమె కొంగుతో ఆ పిల్లల ముఖాలు తుడిచింది.

"జర జరుగు. పాఠం పోతది ఈళ్లకు" అంది.

నేను పక్కకు జరిగాను. ముగ్గురూ లోపలికి పోయి కూర్చున్నారు, మూటలు బెంచీ కింద పెట్టుకున్నారు. హాజరు మళ్లీ మొదటి నుంచి పిలిచాను. ఆ మూడు పేర్లు వచ్చినప్పుడు, బయట గేటు దాటుతున్న ఆ తల్లికి వినబడేలా పిలిచాను.